ఇత్తడి అతుకు

తెలుగు రాయడం మా కాలనీలో నాకొక్కదానికే వచ్చు. చిన్నప్పుడు ఆదివారం బడిలో నెల్లూరు వైపు నుంచి వచ్చిన టీచరమ్మ ఒకావిడ పట్టుబట్టి నేర్పింది. మిగతావాళ్లంతా ఇంట్లో తెలుగు మాట్లాడతారు, రాయాల్సి వస్తే తమిళంలో రాసుకుంటారు. అందుకే పొన్నన్న సంగతి రాసే పని నా నెత్తిన పడింది. రాయమని ఆయన నన్ను అడగలేదు. ఆయన ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. జరిగిన నష్టమంతా ఆ అడగకపోవడం దగ్గరే మొదలైంది కనుక, ఆయన మీద నాకున్న కోపం కూడా ఇందులో కనబడుతుంది. కనబడనీ.

నా పేరు జెబమలర్. కోయంబత్తూరులో గణపతి అనే పేట దాటాక, ఫౌండ్రీల వెనక సందులో అరవిందన్ షెడ్డు ఉంది. పాత కార్లు బాగుచేస్తారు. అందులో ఒక మూల నా కుట్టు మిషను. కార్ల సీట్లకు తోలూ రెక్సినూ కుడతాను. ఎదురు మూల పొన్నన్న బల్ల. పూర్తిపేరు పొన్నుస్వామి అయినా రేషను కార్డులో తప్ప ఎక్కడా వినబడదు. ఫిట్టరు, వెల్డరు. అరవై దాటాయి. కాలనీలో ఆయన ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ల అవతల. భార్య అంగమ్మాళ్. కూతురు ఇలక్కియకు పెళ్లయి అదే వీధిలో ఉంటోంది. కొడుకు కదిరవన్. కదిరవన్ ఇప్పుడు లేడు.

పొన్నన్న చిన్నతనంలో ఫౌండ్రీలో ఇసుక మోశాడు. మోస్తూ మోస్తూ పక్కవాళ్లు ఆకురాయి పట్టడం చూసి నేర్చుకున్నాడు. అరవిందన్ వాళ్ల నాన్న ఉన్న రోజుల్లో ఈ షెడ్డులో చేరాడు, మళ్లీ కదల్లేదు. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుంటాడు. టీ గ్లాసు చల్లారేదాకా ముట్టడు. ఇనుమును చిన్న సుత్తితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. ఇక మాట సంగతి అంటారా, ఆయన నోట్లోంచి ఒక మాట రావాలంటే కింద జాకీ పెట్టి ఎత్తాలి.

ఆయన కడుపున కదిరవన్ ఎట్లా పుట్టాడో మాకెవరికీ అర్థమయ్యేది కాదు. వాడు నోరు మూసిన క్షణం లేదు. షెడ్డులో పాట, సందులో పాట, వెల్డింగు అద్దాలు పెట్టుకున్నాక కూడా పాట. పైగా ఎడమచేతి వాటం. చిన్నప్పుడు ఎడమచేత్తో అన్నం కలుపుతుంటే అంగమ్మాళ్ వదిన గరిటె తిరగేసి చేతి మీద కొట్టేది. ఇంటికి వచ్చినవాళ్లకు నీళ్లు ఎడమచేత్తో ఇచ్చినా అంతే. కొట్టీ కొట్టీ తిండి కుడిచేతికి మార్పించింది కానీ పని మారలేదు. గ్యాసు మంట వాడు ఎడమచేత్తోనే పట్టేవాడు.

దీనికో విశేషం ఉంది. అతుకు అనేది ఒక్కొక్కరిది ఒక్కొక్క రకంగా ఉంటుంది, చేతిరాతలాగా. ఇత్తడి కడ్డీని కరిగిస్తూ పోతుంటే చిన్న చిన్న అలలు ఒకదాని మీద ఒకటి పడతాయి, ఇంటి పెంకులు వాలినట్టు. అందరి అతుకులోనూ అవి ఒక వైపుకు వాలితే, కదిరవన్ అతుకులో ఇంకో వైపుకు వాలేవి. వాడి పనిని కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమి చెప్పవచ్చు. వాళ్ల నాన్న చెప్పేవాడు.

ఇప్పుడు కారు సంగతి. ఆర్.ఎస్. పురంలో నవనీతకృష్ణన్ అని ఒక పెద్దాయన ఉండేవారు. మిల్లులున్న నాయుళ్ల కుటుంబం. కుర్రతనంలో కారు పందేలలో తోలిన మనిషి. ఆయన దగ్గర ముదురాకుపచ్చ ఇంగ్లీషు కారు ఒకటి, రెండే సీట్లు, పైకప్పు లేదు, ముక్కు మాత్రం బారెడు పొడుగు. ప్రతి ఆదివారం పొద్దున్నే భార్య జానకమ్మాళ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మేట్టుపాళయం దాకా పోయి, కొండ రైలు బయలుదేరడం చూసి, కాఫీ తాగి వచ్చేవారు. ఇద్దరూ తల్లో నెరిసిన వెంట్రుకలు గాలికి ఎగరేసుకుంటూ పోతుంటే జనం నవ్వేవాళ్లు. వాళ్లూ నవ్వేవాళ్లు.

ఆ కారుకు ముందు భాగంలో సన్నని ఇనుప గొట్టాలతో అల్లిన చట్రం ఉంటుంది. ఇంజనునూ ముందు చక్రాలనూ స్టీరింగునూ మోసేదంతా అదే. షెడ్డులో మేము ఫ్రంట్ ఫ్రేము అంటాం. ఒకసారి తిరుగు ప్రయాణంలో, రంగు వేయని స్పీడ్ బ్రేకరు మీద కారు ఎగిరిపడి ఆ ఫ్రేములో అడుగున ఉన్న గొట్టం చిట్లింది. కదిరవన్ కారు కింద వెల్లకిలా పడుకుని ఇత్తడితో అతికాడు. పెద్దాయన తెల్ల పంచెతోనే నేల మీద పడుకుని, దూరి, చూసి వచ్చారు. దాని మీద నల్లరంగు కొట్టవద్దని చెప్పి ఉత్త వార్నిషు పూయించారు. మా కారుకు బంగారు మొలతాడు కట్టాడు ఈ పిల్లవాడు అని వచ్చిన చుట్టాలందరికీ వంగి చూపించేవారు. కదిరవన్ ఆ మాట నెల రోజులు మాకు వినిపించి చంపాడు.

తర్వాత పెద్దాయన పోయారు. ఆ మరుసటి వానాకాలం కదిరవన్‌కు జ్వరం వచ్చింది. మొదట మామూలు జ్వరమే అనుకున్నారు. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి ఆలస్యమైంది. ఆయుధపూజ దాటిన వారంలో పోయాడు. పెళ్లి కాలేదు.

మా వాళ్లలో ఒక కట్టు ఉంది. పెళ్లికాని మగపిల్లవాడు అర్ధాయుష్షుతో పోతే వాడు వాడిన వస్తువేదీ ఇంట్లో మిగలకూడదు. మిగిలితే దాన్ని వెతుక్కుంటూ వస్తాడట, తోబుట్టువుల మీద పడతాడట. నేను చర్చికి పోయేదాన్ని, నాకు ఇవి పట్టవు. కానీ అప్పుడు ఇలక్కియ నిండు నెలలతో ఉంది. అంగమ్మాళ్ వదినకు భయం. పెద్దవాళ్లు చెప్పినదానికంటే నాలుగాకులు ఎక్కువే చేసింది. బట్టలు, చెప్పులు, హెల్మెట్టు, వెల్డింగు అద్దాలు, తిన్న కంచం, దువ్వెన, అన్నీ మూటలు కట్టింది. కాల్చవలసినవి కాల్చారు. తక్కినవి పేరూరులో నొయ్యల్ ఏటి మెట్ల దగ్గర, వాడి బూడిద కలిపిన చోటే, నీళ్లలో వదిలిపెట్టారు. గోడ మీద ఫోటో పెట్టలేదు. దీపం పెట్టలేదు. ఆ ఇంట్లో పేరు కూడా పలకడం మానేశారు. పిల్లవాడు పోవడం ఒక చావు, ఇది ఇంకొకటి అని నాకు అనిపించింది. వదిన ముఖం చూసి ఊరుకున్నాను.

ఫోనుల్లో ఫోటోలు ఉండవా అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. ఇలక్కియ ఫోనులో బోలెడు ఉన్నాయి. పొన్నన్న వాటిని చూడడు. వేలు పెడితే గాజు తగులుతుంది, అంతే కదా.

కదిరవన్ చేసిన వేరే పనులు ఉండవా అంటే, అవీ ఎక్కడెక్కడో ఉంటాయి. ఎవరి కారుల కింద, ఏ ఊళ్లలో ఉన్నాయో మాకు తెలియదు. మా షెడ్డుకు మళ్లీ మళ్లీ వచ్చేది ఈ ఆకుపచ్చ కారు ఒక్కటే. పెద్దాయన మనవరాలు అభిరామి దాన్ని తోలడం నేర్చుకుని, ఏదో ఒక మరమ్మతుకు తెస్తుండేది. అది వచ్చినప్పుడల్లా పొన్నన్న గోనెపట్టా పరుచుకుని కిందికి దూరేవాడు, ఎంతకూ బయటికి వచ్చేవాడు కాదు. నూనె కారుతోందేమో అనుకున్నాను. ఒకరోజు స్పానరు అందించమంటే వంగి చూశాను. పడుకుని, బొటనవేలు ఆ ఇత్తడి గీత మీద పెట్టి ఉన్నాడు. నన్ను చూసి వేలు తియ్యలేదు.

"ఈడ ఉండాడు" అన్నాడు.

నేను స్పానరు అక్కడే పెట్టి నా మిషను దగ్గరికి వచ్చేశాను. ఆ పూట కుట్టిన కుట్లన్నీ వంకర పోయాయి, విప్పి మళ్లీ కుట్టాను.

పోయిన ఏడాది ఆవణి నెలలో, అంటే ఆగస్టు చివర్లో, అభిరామి కారు తెచ్చి, బ్రేకు తొక్కితే ముందు చక్రాలు పక్కకు లాగుతున్నాయని చెప్పింది. కార్తీకంలో తాతయ్య తిథి వస్తుందనీ, ఆ రోజు నాయనమ్మను పాత అలవాటు ప్రకారం మేట్టుపాళయం తీసుకుపోవాలని ఉందనీ చెప్పింది. జానకమ్మాళ్‌కు ఎనభై దాటాయి. భర్త పోయాక ఆమె ఆ కారు ఎక్కలేదు.

పొన్నన్న కిందికి దూరి సుత్తితో తట్టడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు నాకూ అలవాటే. మంచి గొట్టం గంటలాగా పలుకుతుంది. ఇది పలకలేదు. అతుకు పక్కన తట్టగానే సుత్తి మొన లోపలికి దిగిపోయింది. గొట్టాలు లోపలినుంచి తుప్పు పట్టి, పైన రంగు మాత్రం నిగనిగలాడుతూ ఉన్నాయి. ఇత్తడి అతుకు చెక్కుచెదరలేదు. దాని రెండు పక్కలా ఇనుము పెంకులూడుతోంది.

అరవిందన్ కూడా వంగి చూశాడు. పైన ఇంకో గొట్టం తొడిగి అతికితే నాలుగేళ్లు లాగుతుందేమో కదా అని అడిగాడు. అభిరామి కూడా పొన్నన్న ఏం చెబితే అదే అంది. ఆ ఒక్క మాట చాలు. లాగుతుంది అని ఆయన అని ఉంటే అందరూ నమ్మేవాళ్లు, ఆ అతుకు కారులోనే ఉండిపోయేది. ఆయన కింద చాలాసేపు ఉండిపోయాడు. నాకు కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. తర్వాత బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"మార్చాల అమ్మిణీ. దీని మీద పెద్దమ్మను కూసోబెట్టగూడదు."

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ నేనే కదిపాను. గొట్టం తొడిగి ఉండవచ్చు కదా అన్నాను. అతుకు బాగానే ఉంది, గొట్టమే చచ్చిపోయింది అన్నాడు, అంతకు మించి లేదు. సరే, పాత ఫ్రేము ఇప్పించమని అభిరామిని అడుగు, వాళ్లకు అది పాత ఇనుము, నీకు కాకపోతే తుక్కు కొట్టుకే పోతుంది, అడగందే అమ్మయినా పెట్టదు అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఇంటికి తీసుకుపోలేకపోతే షెడ్డులో నా మూల పెడదాం అన్నాను. ఆయన తల ఊపాడు. పని ముగియనీ అన్నాడు.

ఇదీ ఆయన పద్ధతి. కారు స్టాండ్ల మీద ఉన్నంతకాలం దాని సొంతదారును ఏదీ అడగడు. చక్రాలు నేల మీద ఆనాక, బండి తిన్నగా పోతుందని తేలాక, అప్పుడు అడగవచ్చు. అప్పటిదాకా అడిగితే పని తాకట్టు పెట్టినట్టట. ఇట్లాంటి గొప్పతనాలు మనిషికి అన్నం పెట్టవు, మనశ్శాంతినీ ఇవ్వవు. ముఖం మీదే అన్నాను. నవ్వాడు.

ఇంగ్లండు నుంచి చెక్కపెట్టెలో కొత్త ఫ్రేము దిగింది. పొన్నన్న ముక్కులాంటి బానెట్టు ఊడదీశాడు. ఇంజనును గొలుసు మీద వేలాడదీశాడు. స్టీరింగు, బ్రేకు గొట్టాలు, చక్రాలను పట్టి ఉంచే చేతులు ఒక్కొక్కటే విప్పి, దేని నట్లు దాని డబ్బాలో వేశాడు. పాత ఫ్రేమును బాడీకి పట్టించిన బోల్టులు తుప్పుకు కరుచుకుని ఉన్నాయి. గ్రైండరు పెట్టి కోస్తే ఒక పూట పని అని అరవిందన్ గొణిగాడు. పొన్నన్న వినలేదు. రోజూ నూనె పోసి, నానబెట్టి, కొంచెం కొంచెంగా తిప్పి, ఆ తుప్పు బుట్టను ముక్క కాకుండా నిండుగా దించాడు. తన బల్ల కింద పెట్టి గోనెసంచి కప్పాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. నేను ఎవరికీ చెప్పలేదు, ఆయన కొడుకు సంగతి ఆయన చెప్పాలి కానీ నేను కాదు.

కొత్తదాని బెజ్జాలు అగ్గిపుల్ల మందాన తేడా వచ్చాయి. అన్నేళ్లు తిరిగిన బండి ఎంతో కొంత ఒరుగుతుంది. ఆయన నాలుగు మూలల నుంచి గుండుదారాలు వేలాడదీసి, నేల మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టి, మూల నుంచి మూలకు కొలుస్తూ రోజుల తరబడి గడిపాడు. బిగించడం, విప్పడం, మళ్లీ బిగించడం. చివరకు దారాలు సుద్ద గీతల మీద కదలకుండా నిలిచాయి. కొత్త ఫ్రేము నల్లగా, నున్నగా, ఎవరి చెయ్యీ పడనట్టు ఉంది. మంచి పనే. నాకు దాన్ని చూడబుద్ధి కాలేదు.

చక్రాలు సరిచేయడం, బ్రేకుల్లో గాలి తీయడం మిగిలి ఉండగా ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు షెడ్డంతా కడిగి, పనిముట్లకు గంధం కుంకుమ పెడతారు. అరవిందన్ నా మిషనుకు కూడా పెడతాడు. మా పాస్టరుకు తెలిస్తే నాకు ఒక ఆదివారం ప్రసంగం ఖాయం. పొన్నన్న ఎప్పుడూ ముందు సుత్తికీ తర్వాత గ్యాసు మంట గొట్టానికీ పెడతాడు. ఈసారి బల్ల కిందనుంచి ఆ పాత ఫ్రేము బయటికి లాగాడు. కిరసనాయిలుతో తుడిచాడు. ఇత్తడి అతుకు మీద గంధం రాసి, కుంకుమ పెట్టి, చేమంతి దండ చుట్టాడు. ముందు ఒక ప్రమిద వెలిగించాడు.

ఇంట్లో కొడుకుకు దీపం పెట్టే దారి లేదు. ఇక్కడ ఆయుధపూజ పేరు చెప్పి పెట్టుకున్నాడు. అయిదేళ్లకు వాడికి వెలిగిన మొదటి దీపం అది. షెడ్డులో మిగతావాళ్లు కారు మీద ఆయనకున్న భక్తి అనుకున్నారు. నేను బయటికి వచ్చేశాను.

మధ్యాహ్నం నేను కుట్టిన సీట్లు ఇచ్చి రావడానికి పీళమేడు పోయాను. పొన్నన్న బొరుగులూ శనగలూ పొట్లం కట్టుకుని ఇలక్కియ బిడ్డకు ఇద్దామని ఇంటికి పోయాడు. ఆ తర్వాత రెండు రోజులు షెడ్డుకు సెలవు.

మూడోనాడు వచ్చి చూస్తే బల్ల దగ్గర ఫ్రేము లేదు. ఆయన గోనెసంచి ఎత్తి చూశాడు, షెడ్డు వెనక చూశాడు, తుక్కు పోగు చూశాడు. నేనే ముందు అరవిందన్‌ను అడిగాను. అతను సంతోషంగా చెప్పుకొచ్చాడు. పూజనాడు మేము అటు పోగానే జానకమ్మాళ్ డ్రైవరు పాండియన్‌ను వెంటబెట్టుకుని కారు చూడవచ్చిందట. దండ వేసి దీపం పెట్టిన పాత ఫ్రేమును చూసి కళ్లనీళ్లు పెట్టుకుందట. మా ఆయన బండి ఇనుముకు ఇంత మర్యాద చేశాడే పొన్ను, పూజ అందుకున్న వస్తువు తుక్కు కొట్టుకు పోకూడదు అందట. విరిగిన దేవుడి బొమ్మను సాగనంపినట్టు వ్యానులో పెట్టించి, కర్పూరం వెలిగించి, కొబ్బరికాయ కొట్టించి, నీళ్లలో వదిలిపెట్టించిందట.

ఎక్కడ వదిలారని పొన్నన్న అడిగాడు. పేరూరు మెట్ల దగ్గర అని అరవిందన్ చెప్పాడు.

"ఆడనేనా" అన్నాడు పొన్నన్న. స్పానరు తీసుకుని కారు కిందికి పోయాడు.

నేను అరవిందన్ మీద విరుచుకుపడ్డాను. విషయం తెలిసి అతను నెత్తి పట్టుకున్నాడు. నాకెవరు చెప్పారు అన్నాడు. నిజమే, ఎవరు చెప్పారు? ఎవరిని తిట్టాలో తెలియని కోపం ఎంత పాడుదో నాకు ఆరోజు తెలిసింది. తుక్కువాడు ఎత్తుకుపోయి ఉంటే పరుగెత్తి పట్టుకునేవాళ్లం. ఈమె మర్యాద చేసి పోగొట్టింది. ఆయన గంధం పెట్టకపోయి ఉంటే ఆ ఫ్రేము ఈపాటికి బల్ల కిందే పడి ఉండేది.

పొన్నన్న ఆ రోజు బ్రేకులు ముగించాడు, మర్నాడు చక్రాలు సరిచేశాడు. కారు స్టాండ్ల మీదనుంచి దిగింది. ఇప్పుడు అడగవచ్చు. అడగడానికి ఏమీ లేదు. అభిరామి కారు తోలి చూసి, దారం పట్టినట్టు పోతోంది పొన్నన్నా అంది. ఆయన చేతులు జోడించాడు. కార్తీకంలో జానకమ్మాళ్ ఆ కారులో మేట్టుపాళయం పోయి కొండ రైలు చూసి వచ్చింది.

ఆమె పోయివచ్చాకనే నేను ఆర్.ఎస్. పురం పోయాను. ముందే చెబితే ఆ ప్రయాణం చెడుతుందని ఆగాను. అంతమాత్రం దయ నాకూ ఉంది. హాల్లో పెద్దాయన పందేల కప్పుల కింద కూర్చుని ఆమె అంతా విన్నది. చీర కొంగు చివర మడతపెట్టింది.

"ఆ అతుకు మా ఆయన సూపించని సుట్టం లేడే" అన్నది. "నాకే మతికి రాలేదే, పాపిష్టిదాన్ని."

పాండియన్‌ను, ఇద్దరు ఈతగాళ్లను పంపించింది. కొండల్లో వానలు పడి నొయ్యల్ మెట్లెక్కి పారుతోంది. అడుగు కనబడలేదు. వాళ్లు ఉత్తచేతులతో వచ్చారు. ఆ తర్వాత ఆమె తనే బయలుదేరి మా కాలనీకి వచ్చింది. ఆ ఇంటివాళ్లు మా వీధిలో అడుగుపెట్టడం అదే మొదలు. పొన్నన్న గుమ్మం దగ్గర నిలబడి, తప్పు అయిపోయింది నాయనా అని చేతులు పట్టుకుంది. ఆయన గాభరాపడి కుర్చీ కోసం వెతికాడు. లోపల పొయ్యి దగ్గర ఉన్న అంగమ్మాళ్ వదిన ఆ మాటలన్నీ విన్నది.

కొడుకు చేతి పని ఒకటి అన్నేళ్లు ఈ ఊళ్లో తిరుగుతూ ఉందనీ, మొగుడు దాన్ని తాకి వస్తూ ఉన్నాడనీ, అది పోయిందనీ ఆమెకు ఒకేసారి తెలిసింది. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చలికాలమంతా ఆయనకు అన్నం పెట్టింది, మాట మాత్రం పెట్టలేదు. నీళ్ల పంపు దగ్గర నేను పలకరిస్తే ఊ అనేది. ఆమె పారవేసిన మూటలన్నీ ఆమె కళ్ల ముందే ఉన్నాయని నాకు తెలుస్తూనే ఉంది. భయంతో చేసింది. ఆ భయం కూతురి మీది ప్రేమ. ఎవరిని ఏమనగలం?

పంగుని నెలలో, ఎండలు ముదిరాక, ఒక పొద్దున ఆమే మా గుమ్మంలో నిలబడి, నీళ్లు వట్టిపోయినాయంట, పోదాం రా అంది. వెనక పొన్నన్న ఉన్నాడు, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని.

పేరూరులో ఏరు ఎండి అక్కడక్కడ మడుగులు మిగిలాయి. బురదలో పాత బట్టలు, పగిలిన కుండలు, అద్దం పోయిన దేవుడి పటాలు, దండల దారాలు. పాండియన్ చెప్పిన గుర్తు పట్టుకుని, మెట్ల కిందనుంచి ముగ్గురం వెతికాం. సైకిలు చక్రం దొరికింది. ఒక బకెట్టు పిడి దొరికింది. ఎండ ఎక్కాక పైన పూలమ్మే ఆమె మమ్మల్ని చూసి జాలిపడి చెప్పింది. నీళ్లు తగ్గడం మొదలవగానే తాడుకు అయస్కాంతం కట్టుకుని కొందరు వస్తారట, చిల్లర కోసం, ఇనుము కోసం ఏరంతా ఈడ్చుకుపోతారట. ఇంక ఇక్కడ మేకు కూడా మిగలదు అంది.

పొన్నన్న ఆగిపోయాడు. వదిన ఆగలేదు. చీర మోకాళ్లదాకా దోపుకుని, మోచేతులదాకా బురదలో పెట్టి ఇంకా దేవుతోంది. నేను పోయి లేవదీశాను. తీసుకొచ్చి మెట్టు మీద కూర్చోబెట్టి, సీసాలో నీళ్లతో చేతులు కడిగాను. ఆమె మొగుడి వైపు చూసింది. నెలల తర్వాత ఆయనతో అన్న మాట అది.

"ఎట్ల ఉండె అది?"

ఆయన కింది మెట్టు మీద కూర్చుని ఆమె కుడిచెయ్యి తీసుకుని, అరచెయ్యి తెరిచాడు. ఆయనది కుడిచేతి వాటం. అయినా తన ఎడమచేతి బొటనవేలు ఆమె మణికట్టు దగ్గర పెట్టి, ఒత్తుతూ, ఆపుతూ, కొంచెం వాలుస్తూ, మళ్లీ ఒత్తుతూ, అరచేతి అడ్డంగా వేళ్లదాకా తీసుకుపోయాడు. వాడి అలలు అటు వాలేవి.

ఆమె తన అరచేతిని చూసుకుంది.

"నేను గరిటెతో కొట్టిన సెయ్యి గదా" అన్నది. కాసేపయ్యాక, "కదిరవన్" అన్నది, అయిదేళ్లకు.

ఇంకోసారి అని ఆమె అడగలేదు, అయినా ఆయన ఇంకోసారి చేశాడు. ఏటి గాలికి బురద వాసన వస్తోంది. పూలామె అటు తిరిగి కూర్చుంది. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను, దాచుకోలేదు.

వదిన ఆ కుడిచేతి గుప్పిట మూసుకుని లేచింది. మెట్లెక్కేటప్పుడు కూడా తెరవలేదు. బస్సులో కండక్టరు ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్టు చించి అందించాడు. ఆమె దాన్ని ఎడమచేత్తో తీసుకుంది.